బొమ్మలపెట్టె దింపే ముందు

పోయిన ఆదివారం మా బిల్డింగ్‌లో రెండో అంతస్తు ఆంటీ బొమ్మల కొలువు కోసం అటక మీది ట్రంకు పెట్టె దింపించారు. పాత పేపర్లలో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే తీస్తూ తీస్తూ, అడుగున ఉన్న దశావతారాల సెట్టు కోసం చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టారు. చురుక్కుమంది. లాక్కుని చూస్తే వేలి మీద ఎర్రటి చుక్క, అంతే. తలెత్తి చూస్తే గోడ మీద అరచేయంత సాలీడు కాళ్ళు చాపుకుని కూర్చుంది. వాచ్‌మన్ వచ్చి కన్నడలో "జేడ కచ్చిదె", అంటే సాలీడు కరిచింది అని తేల్చేసి దాన్ని చీపురుతో కొట్టి చంపాడు. పావుగంటలో బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో దాని శవం ఫొటో, దాని కింద ఎవరో పంపిన ఆస్ట్రేలియా సాలీళ్ళ వీడియో, దాని కింద ముగ్గురు పెస్ట్ కంట్రోల్ వాళ్ళ నంబర్లు. ఆంటీ మాత్రం "ఏం లేదమ్మా, పురుగే కదా" అని సున్నం రాసుకుని పడుకున్నారు.

రాత్రి ఎనిమిదికల్లా ఒళ్ళంతా చెమట, రెండుసార్లు వాంతి, చేతులు చూస్తే మంచుముక్కలు. ఆసుపత్రిలో డాక్టరు చూడగానే ఇది తేలు లక్షణం అన్నారట. మర్నాడు ట్రంకుని టెర్రస్ మీదికి మోయించి పేపర్లు ఒక్కొక్కటే కర్రతో తీస్తే, మధ్యలోంచి వేలెడు కూడా లేని ఎర్రటి తేలు బయటికొచ్చింది. ఆంటీ రెండు రోజులు ఐసీయూలో ఉండి ఇంటికొచ్చారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. పాపం ఏ తప్పూ చెయ్యని సాలీడే పోయింది.

బెంగళూరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. గోడ మీద కనబడే సాలీడు వల్ల దెబ్బతిన్న మనిషిని ఇంతవరకూ చూడలేదు. కనబడని చోట చెయ్యి పెట్టి దెబ్బతిన్నవాళ్ళని నలుగురిని చూశాను. ఆంటీ ట్రంకు ఒకటి. గ్యాస్ సిలిండర్ వెనక పడిన గరిటె కోసం చెయ్యి దూర్చిన మా పనావిడ ఒకరు. ఆర్నెల్లు మూలన పడేసిన క్రికెట్ కిట్టులో చెయ్యి పెట్టిన పక్కింటి అబ్బాయి ఒకడు. ఇక మా మరిది, బేస్‌మెంట్‌లో బండి అద్దానికి తగిలించి వదిలేసిన హెల్మెట్ తీసి తలకి పెట్టుకున్నాడు, మారతహళ్ళి బ్రిడ్జి దిగుతుంటే చెవి పక్కన సాలీడు కుట్టింది, కంగారులో బండి పడేశాడు. కుట్టిన మంట రెండు రోజుల్లో పోయింది, విరిగిన భుజం ఎముక అతకడానికి రెండు నెలలు పట్టింది.

అందుకే ముందే చెప్పేస్తున్నా, మధ్యలో మళ్ళీ మళ్ళీ చెప్తాను, విసుక్కోకండి: కంటితో చూడని చోట చెయ్యి పెట్టకండి.

సాలీడుకి మనతో పనేం లేదు. దానికి కావలసింది దోమ, ఈగ, బొద్దింక. మనం దగ్గరికెళ్తే పారిపోతుంది, లేకపోతే కదలకుండా నక్కుతుంది. అది కరిచేది దాదాపు ఎప్పుడూ ఒంటికీ బట్టకీ మధ్య, వేలికీ పెట్టె గోడకీ మధ్య, పాదానికీ బూటుకీ మధ్య నలిగినప్పుడే. తేలుదీ అదే లెక్క. కాబట్టి ఇంట్లోకి రాకుండా చూసుకోవడం సగం పనైతే, వచ్చినదాన్ని మన చేత్తో మనమే నలపకుండా ఉండడం మిగతా సగం. ఈ రెండో సగాన్నే ఎవరూ పట్టించుకోరు.

ఏది విషం, ఏది కాదు

దాదాపు అన్ని సాలీళ్ళకీ విషం ఉంటుంది, ఉంటేనే పురుగుని పట్టి తినగలదు. మనిషిని ఇబ్బంది పెట్టేంత ఉన్నవి బహు తక్కువ. బాత్‌రూమ్ గోడ మీద రాత్రిపూట కనబడి మన గుండె ఆపేసే ఆ పెద్ద చదునైన గోధుమరంగు సాలీడు, ఒక్కోసారి పొట్ట కింద తెల్లటి బిళ్ళలాంటి గుడ్ల సంచి పట్టుకుని తిరుగుతుంది చూడండి, అది బొద్దింకల్ని తింటుంది. చేత్తో పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి పుడుతుంది, అంతకుమించి ఏమీ లేదు. పైకప్పు మూలల్లో సన్నటి పొడుగు కాళ్ళతో వేలాడేవి, కిటికీ దగ్గర గెంతుతూ మనవైపు తిరిగి చూసే చిట్టివి, వీటి గురించి అసలు టెన్షన్ పడక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది విడో జాతి సాలీళ్ళ దగ్గర. ఇవి మన దేశంలోనూ ఉన్నాయి. పొట్ట బఠాణీ గింజలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది, తిరగేస్తే కింద ఎరుపో నారింజో రంగులో డమరుకం ఆకారం. గోధుమ రంగు విడో అయితే దాని గుడ్ల సంచి ఉండ చుట్టూ ముళ్ళు ముళ్ళుగా ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. గూడు అందంగా చక్రంలా ఉండదు, చిక్కుపడ్డ దారంలా ఉంటుంది, పుల్లతో తెంపితే గట్టిగా సాగి టపటపమంటుంది. పూలకుండీ అంచు కింద, ప్లాస్టిక్ కుర్చీ అడుగున, మీటరు పెట్టెలో, ఎవరూ కదపని చోట, నేలకి దగ్గరగా. అంటే సరిగ్గా మనం చూడకుండా వేళ్ళు పెట్టి ఎత్తే చోట. వీపు మీద ఫిడేలు ఆకారం మచ్చ ఉండే సాలీడు జాతి కూడా మన దేశంలో నమోదైంది. చిన్నది, సిగ్గరి, అట్టపెట్టెల్లో, పాత బట్టల మడతల్లో దాక్కుంటుంది.

వాట్సాప్‌లో తిరిగే నల్లగా మెరిసే భయంకరమైనది సిడ్నీ చుట్టుపక్కల ఉండే సాలీడు, దానికి విరుగుడు 1981లోనే వచ్చింది, అది వైట్‌ఫీల్డ్ రాదు. నీలంగా మెరిసేది మాత్రం మనదే! మా అనంతపురం జిల్లా గుత్తి పేరు దానికి ఉంది, 1899లో దాన్ని మొదట వర్ణించింది గుత్తిలో దొరికిన దాన్ని చూసే. ఇప్పుడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో ఉంటుంది, అంతరించిపోయే దశలో ఉంది. మన వల్ల దానికి ప్రమాదం, దాని వల్ల మన ఫ్లాట్లకి లేదు.

ఇంకో సంగతి. వానాకాలంలో పొద్దున లేచేసరికి మెడ మీదో చెంప మీదో గీత గీసినట్టు ఎర్రగా మండుతూ పొక్కులొస్తే "సాలీడు పాకింది" అంటారు. చాలాసార్లు అది సాలీడు పని కాదు. లైటు చుట్టూ చేరే, నారింజా నలుపూ కలిసిన, చీమలాంటి సన్న పురుగుని నిద్రలో మనం నలిపేస్తే దాని ఒంట్లో రసం చర్మాన్ని అలా కాలుస్తుంది. ఒంటి మీద వాలితే చరచకండి, ఊదేయండి, సబ్బుతో కడుక్కోండి.

లోపలికి రాకుండా

ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి అని నేను చెప్పను, మీ అత్తగారు చెప్పే ఉంటారు.

మొదటిది లైటు. యుటిలిటీలో, గుమ్మం బయట తెల్లటి లైటు రాత్రంతా వెలిగితే పురుగులు, పురుగుల కోసం సాలీళ్ళు, బల్లులు. అక్కర్లేనప్పుడు ఆపేయండి, లేదా పసుపుపచ్చ బల్బు పెట్టండి, దానికి పురుగులు తక్కువగా వస్తాయి. స్ప్రే డబ్బాల కంటే ఇదే ఎక్కువ పని చేసింది మా ఇంట్లో.

రెండోది సందులు. రాత్రి గదిలో లైటు ఆపి, తలుపు అవతల నేల మీద టార్చి పెట్టి చూడండి. వెలుతురు ఎక్కడెక్కడ కనబడుతుందో అక్కడల్లా దారి ఉన్నట్టే. తలుపు కింద రబ్బరు పట్టీ, ఏసీ పైపు దూరిన కన్నం చుట్టూ ఎం-సీల్ ముద్దో తెల్ల సిమెంటో, సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే చోట కూడా. బాత్‌రూమ్ నేల జాలీకి మూత ఉన్నది కొనండి. పది నెలల డిపాజిట్టు తీసుకున్న ఓనరు ఇదైనా వేయించాలి కదా అని ఎదురుచూస్తూ కూర్చోకండి, వేయించడు.

మూడోది అట్టపెట్టెలు. ఇల్లు మారినప్పుడు ప్యాకర్స్ వాళ్ళు తెచ్చినవి, పదకొండు నెలల అగ్రిమెంటు అయ్యాక మళ్ళీ మారాలేమో అని యుటిలిటీలో దొంతర పెట్టి ఉంచుతాం చూశారా, అవి. ముడతల అట్టలో చీకటి, వెచ్చదనం, తినడానికి బొద్దింకలు, అన్నీ ఉన్నాయి. పారేయండి. దాచుకోవాల్సినవి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి, నున్నటి ప్లాస్టిక్ గోడని తేలు ఎక్కలేదు.

స్ప్రే గురించి అందరూ అడుగుతారు. సాలీడు కాలి కొసల మీద నడుస్తుంది, నేల మీద కొట్టిన మందు దాని ఒంటికి అంటేది తక్కువ. నేరుగా దాని మీద పడితేనే పని చేస్తుంది. తేళ్ళైతే మందు వాసనకి దాక్కున్న చోటు వదిలి ఇల్లంతా తిరుగుతాయి. సుద్దముక్క గీత, కలరా ఉండలు, గోడకి గుచ్చే ఆ కుయ్‌మనే యంత్రం, వీటి మీద భరోసా పెట్టుకోవద్దు. అసలు నా గొడవ మందుతో కాదు, మందు కొట్టించాక వచ్చే ధైర్యంతో. పెస్ట్ కంట్రోల్ అయిపోయింది కదా అని చూడకుండా చెయ్యి పెట్టేస్తారు. ఆంటీ ఇంట్లో కూడా ఆ ముందు వారమే కొట్టించారు.

దసరా సర్దుడు రోజు

పెట్టె రాత్రిపూట తెరవకండి. పగలు, వెలుతురులో, వీలైతే టెర్రస్ మీద. అటక మీద నుంచి దింపేటప్పుడు పట్టుకునే అంచులు కింద నుంచి టార్చి వేసి చూసి పట్టుకోండి. మూత మీకు అవతలి వైపుకి తెరవండి. పై పొర పేపర్లు పొడుగు పట్టకారుతో తీయండి, చూడండి, బొమ్మ తీయండి, మళ్ళీ చూడండి. తొందరగా అయిపోవాలని అడుగు దాకా చెయ్యి దూర్చడం, అదే, ఆ ఒక్క తప్పే.

యూవీ టార్చి ఒకటి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, నోట్లు చూసేది. తేలు ఒంటి మీద ఆ వెలుతురు పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది, పేపరు మడతలో ఉన్నా కొంచెం బయటికుంటే చాలు తెలిసిపోతుంది. పెట్టె మీద దుప్పటి కప్పి చీకటి చేసి ఒకసారి వేసి చూడండి. సాలీళ్ళకి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

గ్లవ్స్ వేసుకోండి, కానీ వాటిని ముందు తిరగేసి దులిపి వేసుకోండి. గ్లవ్ లోపల కూడా చూడని చోటే కదండీ.

బూజుకర్ర పట్టుకునేవాళ్ళు నిండు చేతుల చొక్కా, తలకి గుడ్డ, కళ్ళకి అద్దాలు. బూజుతోపాటు గుడ్ల సంచులు కూడా రావాలి, లేకపోతే నెల తిరక్కుండా అంత బూజూ మళ్ళీ. వ్యాక్యూమ్ ఉంటే దానితో లాగి, ఆ సంచిని వెంటనే కవర్లో కట్టి బయట పారేయండి. కుండీలు, కుర్చీలు ఎత్తేముందు కాలితో కాదు, కర్రతో ఒరిగించి అంచు కింద చూడండి. చూడకుండా వేళ్ళు పెట్టొద్దు. మూడోసారి చెప్తున్నా.

ఇక మిగతావి, ఏ వరసా లేకుండా, గుర్తొచ్చినట్టు:

- బూట్లు, చెప్పులు దులిపి వేసుకోండి. 2025 ఆగస్టులో బన్నేరుఘట్ట వైపు ఒకాయన బయట వదిలిన మూసిన రబ్బరు చెప్పుల్లో పాము దూరింది, చూడకుండా వేసుకున్నాడు, కాటు తెలియనే లేదు, లోపలికెళ్ళి పడుకున్నాడు, పోయాడు.
- హెల్మెట్ బండికి వదలకండి. వదిలారా, తిరగేసి రెండు తట్టి, లోపల చూసి పెట్టుకోండి.
- దండెం మీది బట్టలు రాత్రంతా ఉంచకండి. ఉంచితే దులపండి, ముఖ్యంగా పసిపిల్లలవి.
- మంచం గోడకి ఆనించొద్దు. దుప్పటి నేలకి వేలాడొద్దు.
- పండక్కి ఊరి నుంచి చుట్టాలొస్తారు, హాల్లో నేల మీద పడుకుంటారు. కింది అంతస్తు, ఇండిపెండెంట్ ఇల్లు, పక్కన ఖాళీ సైటు ఉన్నవాళ్ళు దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపండి. కట్లపాము రాత్రిపూట తిరిగేది, కరిస్తే నొప్పి పెద్దగా తెలియదు, పురుగనుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలైతే అది పురుగు కాదు.
- పాముకాట్లతో మన దేశంలో ఏటా దాదాపు 58,000 మంది పోతున్నారని 2020లో వచ్చిన అంచనా. సాలీడు పేరు ఆ లెక్క దరిదాపుల్లో ఉండదు. మీ భయాన్ని సరైన చోట పెట్టండి.
- ఏం కుట్టిందో తెలియకపోతే సాలీడే అనుకోవద్దు. పురుగే కదా అని పడుకోవద్దు.
- పిల్లల్ని తేలు కుట్టిందని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఆగకండి. 108 కొట్టండి, లేదా ఉన్న బండి ఎక్కండి.
- పెద్దవాళ్ళైనా సరే ఒళ్ళంతా చెమట, వాంతి, చేతులు చల్లబడడం, కడుపు బిగుసుకుపోవడం, ఆయాసం, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రి. చిన్న క్లినిక్ కాదు, ఐసీయూ ఉన్నది.
- ఎర్ర తేలు విషం గుండె మీదికి పోతుంది. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో రక్తపోటు మందు ప్రాజోసిన్‌ని దీనికి వాడి ఎంతోమందిని బతికించారు, 2022లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ మాత్ర డాక్టరు ఇవ్వాలి. ఇంట్లో మావగారి బీపీ మాత్రల డబ్బా తీయకండి.
- సాలీడు కాటుకి పాము విరుగుడు పని చెయ్యదు. నొప్పికీ కండరాల పట్టుకీ చికిత్స ఉంది, వెళ్తే చేస్తారు.
- సున్నం, పసరు, పసుపు, కోసి రక్తం కార్చడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, మంత్రం: ఒక్కటీ వద్దు.
- సబ్బూ నీళ్ళతో కడగండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఆంటీ ఉంగరం ఆసుపత్రిలో కత్తిరించాల్సి వచ్చింది.
- తేలైనా సాలీడైనా అయితే గుడ్డలో చుట్టిన ఐసు పెట్టొచ్చు. పామని అనుమానం ఉంటే ఐసు కూడా వద్దు, ఆ మనిషిని నడిపించొద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచండి.
- కుట్టినదాన్ని వెతకడానికి మళ్ళీ అదే పెట్టెలో చెయ్యి పెట్టకండి! నవ్వకండి, ఆంటీ వాళ్ళబ్బాయి సరిగ్గా అదే చెయ్యబోయాడు. దూరం నుంచి ఫొటో దొరికితే తీయండి, లేకపోతే వదిలేయండి.
- ఎన్ని గంటలకి కుట్టిందో చూసి రాసుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.
- సిలిండరు మార్చేటప్పుడు వెనక టార్చి. సింకు కింద టార్చి. వాషింగ్ మెషీన్ వెనక పడిన సాక్సు కోసం కర్ర. మీటరు పెట్టె తెరిచే ముందు అంచు మీద ఒక దెబ్బ.
- పనావిడకి కూడా ఇవన్నీ చెప్పండి, టార్చి ఆవిడ చేతికివ్వండి. మన ఇంట్లో మూలల్లో చేతులు పెట్టేది ఆవిడే.
- పిల్లల స్కూలు బూట్లు రాత్రే లోపల, ఎత్తు మీద పెట్టండి. పొద్దున కింద బస్సు హారన్ కొడుతుంటే ఎవరూ దులపరు.